పండుగ పద్దు

ధనుర్మాసం వచ్చిందంటే మా యింట్లో రెండు పనులు తప్పవు. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టడం ఒకటి. రాత్రి భోజనాలయ్యాక మావారూ నేనూ కాగితం ముందు వేసుకుని పండుగ పద్దు రాయడం రెండోది. ముగ్గు దగ్గర తగువు రాదు. పద్దు దగ్గర తగువు రాని సంవత్సరం లేదు.

బట్టలు, బెల్లం, నువ్వులు, నెయ్యి, అరిసెల పిండి పట్టించడానికి, అమ్మాయీ అల్లుడూ వచ్చి వెళ్ళడానికి బస్సు ఖర్చులు, పనిమనిషికి చీర, చాకలికి పంచె - ఇలా సాగుతుంది మా పద్దు. ప్రతి వరసకూ ఎదురుగా ఒక అంకె వుంటుంది. అంకె లేనిది ఒక్కటే. "హరిదాసు, గంగిరెద్దు వగైరా" అని అడుగున రాసి, ఎదుట ఒక గీత గీసి వదిలేసేవారు మావారు. అంటే ఆ పూటకు డబ్బాలో ఎన్ని బియ్యం వుంటే అన్ని, జేబులో ఎంత చిల్లర వుంటే అంత అన్నమాట.

ఈ యేడు ఆ గీతకు కాలం చెల్లింది. ఎలా చెల్లిందో చెబుతాను. మావారు ఈ పేజీ తప్పకుండా చదువుతారు కనుక ఉన్నది ఉన్నట్లే చెబుతాను.

పోయిన సంక్రాంతికి మా బందరులో, మా వీధివాళ్ళం కలిసి భోగినాడు ఏదైనా కార్యక్రమం పెట్టాలనుకున్నాం. కుర్రవాళ్ళు విజయవాడ నుంచి సినిమాపాటల ఆర్కెస్ట్రా కావాలన్నారు. పెద్దవాళ్ళ తరపున నేను హరికథ పెట్టించమన్నాను. అందుకు నాకొక స్వార్థం వుంది. మా పుట్టిల్లు దివిసీమ. నా చిన్నప్పుడు మా వూరి రామాలయంలో శ్రీరామనవమికి కథ చెప్పిన భాగవతారు ఇంకా చెబుతూనే వున్నారు. డెబ్బై దాటాయి. గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన్ని మా వీధివాళ్ళకు వినిపించాలని నా కోరిక.

రెండూ పెడదామన్నారు. ఆర్కెస్ట్రాకు 60,000 రూపాయలు. వాళ్ళు ముందే అంతా పుచ్చుకుని గాని బయలుదేరమన్నారు, అంతా ఇచ్చారు. హరికథకు 12,000. అందులో భాగవతారు, ఫిడేలు, మృదంగం ముగ్గురూ పంచుకోవాలి, రానూపోనూ ఖర్చు వాళ్ళదే. అడ్వాన్సు ఆయన అడగలేదు, మేం ఇవ్వలేదు. లెక్కలు రాసేది మావారు.

ఏడు గంటలకు కథ మొదలు కావాలి. ఆర్కెస్ట్రావాళ్ళ మైకులు సరిచూసుకోవడంతోనే ఎనిమిదిన్నర అయింది. "పాటలు ముందు కానివ్వండి, జనం వున్నారు" అన్నారు ఎవరో. కానిచ్చారు. పాటలు అయ్యేసరికి పదిన్నర. జనం లేచి యిళ్ళకు పోయారు. మిగిలిన నలభై మందికి భాగవతారు పట్టుపంచె కట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టుకుని రుక్మిణీ కల్యాణం మొదలుపెట్టారు. పన్నెండు దాటగానే మైకు అద్దెవాడు వచ్చి టైమైపోయిందన్నాడు. మైకు లేకుండానే కథ ముగించి మంగళం పాడారు. నేను ముందు వరసలో కూర్చుని తల వంచుకున్నాను.

తాంబూలంలో పెట్టి ఇచ్చింది 7,000. "మిగతాది పండగ వెళ్ళాక సర్దుతాం గురువుగారూ" అన్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. వుత్తరీయం మడత పెట్టుకుని, "శుభం" అని వెళ్ళిపోయారు.

ఉగాదికి ముందు ఇల్లు దులుపుతుంటే కమిటీ లెక్కల పుస్తకం కనిపించింది. ఆఖరి పేజీలో మావారి ముత్యాల్లాంటి అక్షరాలు: "హరికథ బాకీ 5,000." దాని పక్కన ఆర్కెస్ట్రా పిల్లలకు బిర్యానీ పొట్లాల లెక్క కూడా వుంది. అదీ చెల్లు వేసి వుంది!

"ఇదేమిటండీ?" అన్నాను.

"కమిటీలో డబ్బు లేదు. వచ్చే యేడు చందాల్లో సర్దుదామనుకున్నాం" అన్నారు.

"ఆయన డెబ్బై యేళ్ళ మనిషి. వచ్చే యేడు చందాల దాకా ఆగమంటారా?"

మావారు మాట్లాడలేదు. తప్పు ఒక్క ఆయనదే అనను. రమ్మని పిలిచింది నేను. ఇచ్చారా అని కనుక్కోనిదీ నేనే. పోపులపెట్టె సొమ్ములోంచి 5,000 తీసి, మర్నాడే చల్లపల్లి, మోపిదేవి మీదుగా బయలుదేరాం. పులిగడ్డ అక్విడెక్టు దగ్గర కృష్ణ కనిపించగానే ఎప్పుడూ నాకు పుట్టింటికి వచ్చినంత సంతోషం కలిగేది. ఆ రోజు కలగలేదు.

ఆయన చేలో వున్నారు. వరి కోసిన మాగాణిలో చల్లిన మినుము పీకుతున్నారు కూలీలు. ఆయన గట్టున గొడుగు వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచి, "అమ్మాయ్! ఇంత యెండలోనా?" అన్నారు. డబ్బు చేతిలో పెట్టి, "ఆలస్యమైంది, క్షమించండి బాబాయిగారూ" అన్నాను. ఆయన దాచుకోలేదు, లెక్క పెట్టలేదు. కాసేపు అలా పట్టుకుని వున్నారు.

"డబ్బుదేముందమ్మా అని అందరిలాగా నేను అనను. డబ్బుదే వుంది. ఆ రాత్రి ఫిడేలుకూ మృదంగానికీ నా జేబులోంచి ఇచ్చాను. ఇవ్వకపోతే మళ్ళీ పిలిచినప్పుడు రారు. ఇచ్చినా మృదంగం అబ్బాయి రానన్నాడనుకో. ఆటో కొనుక్కున్నాడు. పండగ రోజుల్లోనే కదమ్మా ఆటోకు గిరాకీ!" అన్నారు.

మృదంగం అబ్బాయి ఆయన చెల్లెలి మనుమడు. ఎనిమిదో యేట నుంచి ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాడట.

తిరుగు ప్రయాణంలో మావారూ నేనూ మాట్లాడుకోలేదు. కళ ఎలా పోతుందని సభల్లో పెద్దలు ఉపన్యాసాలిస్తూ వుంటారు. నాకు ఆ రోజు చేను గట్టున తెలిసింది. బాకీ పెట్టిన 5,000 రూపాయల్లో పోతుంది. పండుగ రాత్రి ఏడు గంటల కథను పదిన్నరకు జరపడంలో పోతుంది.

మన కృష్ణా డెల్టాలో కళలకు ఋతువు సంక్రాంతి. ఎందుకో ఆలోచించారా? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఇక్కడ వరి నిలదొక్కుకుంది. మార్గశిరం, పుష్యం నాటికి పంట కళ్ళాల మీదికి వస్తుంది. రైతు చేతిలో గింజ వున్నప్పుడే హరిదాసు వస్తాడు, గంగిరెద్దు వస్తుంది, బుడబుక్కలవాడు వస్తాడు, బుర్రకథ దళం వస్తుంది. కళ్ళంలో రాశి కొలిచేటప్పుడే వాళ్ళ వాటా వాళ్ళకు పడేది. మా తాతగారు కుంచంతో కొలిచి పోయడం మా అమ్మ చూసింది. ఇప్పుడు కోతమిషను వచ్చి ఒక పూటలో కోస్తుంది. ధాన్యం పొలంలోనే బస్తాకెక్కి లారీలో మిల్లుకు పోతుంది. సొమ్ము బ్యాంకులో పడుతుంది. రాశి లేదు, కుంచం లేదు, కళ్ళం దగ్గర నిలబడేవాడికి వాటా లేదు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. పద్ధతి మారింది. పాత పద్ధతి పోయినప్పుడు కొత్తది మనం ఏర్పరచలేదు, అంతే.

మా వీధికి వచ్చే హరిదాసు ఇప్పుడు మోటారుసైకిలు మీద వస్తున్నాడు. తల మీద అక్షయపాత్ర, వెనక చిన్న మైకుపెట్టె. మా అత్తయ్యగారికి ఇది కిట్టలేదు. "మోకాలు వంచి పిల్లల చేత బియ్యం పోయించుకునే దాసుడేడీ!" అంటారు. నేనొకసారి ఆయన్ని అడిగాను. "వీధికి నాలుగిళ్ళే తలుపు తీస్తున్నారమ్మా. నడిస్తే పొద్దున్న పూట రెండు వీధులే అవుతాయి" అన్నాడు. 2020లో కరోనా వచ్చి గుడి ఉత్సవాలూ పెళ్ళి మేళాలూ ఆగిపోయినప్పుడు ఇలాంటివాళ్ళు ఏం తిన్నారో మనం కనుక్కోలేదు. మన తలుపులు మనం వేసుకున్నాం.

గుప్పెడు బియ్యం ఏం చేస్తుందిలే అనుకోకండి. గుడివాడకు దగ్గరలో వున్న చౌటపల్లిలో 1922లో పుట్టిన ఒక కుర్రవాడు, తండ్రి పోయాక సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్ళాడు. చేతిలో డబ్బు లేదు. జోలె కట్టుకుని యింటింటా మధుకరం ఎత్తి, ఆ అన్నం తిని, పాట నేర్చుకున్నాడు. ఆయనే ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు విద్య పెట్టారు. విజయనగరం యిల్లాళ్ళు అన్నం పెట్టారు. వాళ్ళలో ఏ ఒక్కరి పేరూ ఈనాడు మనకు తెలియదు. కాని ఆయన పాట విన్నప్పుడల్లా ఆ యిల్లాళ్ళ ముద్ద కూడా అందులో వుందని నాకనిపిస్తుంది. కళను పోషించడానికి జమీందారులే కానక్కరలేదు. తలుపు తీసే యిల్లాలు చాలు.

మరొక సంగతి. 1977 నవంబరు 19న మా దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా జనం పోయారు. నేను చిన్నపిల్లను. మావాళ్ళం మిద్దె మీద రాత్రంతా తడిసి కూర్చున్నాం. ఆ తర్వాత మా కోసం విరాళాలు అడుగుతూ వూళ్ళు తిరిగినవారిలో సినిమా నటులు వున్నారు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు ముందు నడిచారు. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది రామాపురం. ఇద్దరూ గుడివాడ చుట్టుపట్ల పల్లెలవాళ్ళే. నాగేశ్వరరావుగారైతే సినిమాకు రాకముందు పల్లెనాటకాల్లో ఆడవేషాలు కట్టినవారు. మాకు బియ్యం పంచినప్పుడు మా నాన్నగారు అన్న మాట నాకింకా చెవిలో వుంది. "అమ్మాయ్, వేషాలవాళ్ళు అడిగి తెచ్చింది కూడా ఇందులో వుంది. మరిచిపోకు" అన్నారు. నలభై యేళ్ళు దాటేసరికి మరిచిపోయినదాన్ని నేనే.

ఇక బట్టల సంగతి. పోయిన పండుగకు మా అమ్మాయికి కలంకారీ చీర కొన్నాను, సగం ధరకే దొరికిందని మురిసిపోతూ. మొదటి తడుపులోనే బకెట్టు నీళ్ళు నీలంగా మారాయి! మన వూరికి పెడన ఎంతో దూరం లేదు. అయినా ఎక్కడో మరమగ్గం మీద నేసి, యంత్రం మీద అద్దిన గుడ్డను మన వూరి పేరు చూసి కొన్నాను. సిగ్గుపడి ఈసారి పెడన వెళ్ళి అద్దకం పని కళ్ళారా చూశాను.

గుడ్డను వుతికి కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన దానిలో ముంచి ఆరేస్తారు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. రంగు రంగుకూ వేరే అచ్చు. ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టి తీసినది నలుపు. పటిక అద్దిన చోట మాత్రమే, వేళ్ళతో చెక్కలతో కాచిన నీళ్ళలో ఎరుపు పట్టుకుంటుంది. ఉడకబెట్టాలి, పారే నీళ్ళలో జాడించాలి, ఎండబెట్టాలి, మళ్ళీ అద్దాలి. శ్రీకాళహస్తివాళ్ళు కలంతో గీస్తారు. మనవాళ్ళు అచ్చుతో అద్దుతారు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ మన బందరు రేవులో కొట్లు పెట్టుకున్నది ఈ ప్రాంతపు గుడ్డల కోసమే. పారశీకం నుంచి కూడా వీటికి గిరాకీ వుండేది.

అక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. ఇంత చూసీ, దుప్పటి ధర చెప్పగానే అలవాటు కొద్దీ "రెండొందలు తగ్గించు నాయనా" అన్నాను! ఆ అద్దకం పనివాడు నవ్వి, "తగ్గిస్తానమ్మా, ఒక రంగు మానేస్తాను. ఏ రంగు వద్దో చెప్పండి" అన్నాడు. నోరు మూసుకుని మొత్తం ఇచ్చాను. చేతి అద్దకంలో పువ్వుకూ పువ్వుకూ వెంట్రుకవాసి తేడా వుంటుంది. అచ్చంగా ఒక్కలాగే వుంటే అనుమానించండి. అంతకంటె పెద్ద పరీక్ష ఏమిటంటే, ఎవరు అద్దారని దుకాణంవాణ్ణి అడగడం.

నాట్యం సంగతీ చెప్పాలి. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో కూచిపూడి వుంది. సిద్ధేంద్రయోగి నాటి నుంచీ అక్కడి భాగవతుల కుటుంబాలు తరతరాలుగా మేళాలు కట్టుకుని వూరూరా తిరిగి ఆడారు. సత్యభామ వేషానికి పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మగారి వంటివారు ఆ గడ్డ మీదివారే. ఈనాడు వీధి వీధికీ నాట్యం నేర్పే టీచరమ్మలున్నారు. పండుగ వస్తే మనం ఏమంటాం? "మీ పిల్లల చేత రెండు అంశాలు వేయించండి, వేదిక మేమిస్తాం కదా" అంటాం. ఆహార్యం అద్దె, రంగులు, నట్టువాంగం, పాట - ఇవన్నీ ఎవరిస్తారు? షామియానావాణ్ణి "వీధి మేమిస్తాం, ఊరికే వెయ్యి" అని అడుగుతామా?

ఇవన్నీ ఈ యేడు వీధి సమావేశంలో చెప్పాను. పక్కింటి పిన్నిగారు తిన్నగా అడిగారు: "అంతా బాగానే వుందమ్మాయ్, ఎవరు వింటారు? నీ హరికథకు నలభై మంది, పాటలకు నాలుగొందలు."

న్యాయమైన ప్రశ్నే. కుర్రవాళ్ళ పాటల మీద నాకు కోపం లేదు. పాట పాటే, ఆ పాడే పిల్లలూ పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళే. నేనడిగేది వాళ్ళను మానిపించమని కాదు. పదిన్నరకు కథ పెట్టి జనం లేరనడం, నీళ్ళు పోయకుండా మొక్క ఎదగలేదనడం వంటిది. ఒక్కసారి ఏడు గంటలకు పెట్టి చూద్దాం. అప్పుడూ నలభై మందే అయితే నలభై మందికే చెబుతారు. మాట ఇచ్చిన సొమ్ము మాత్రం శ్రోతల్ని లెక్కబెట్టి తగ్గించకూడదు.

చివరికి ఒప్పుకున్నారు. మేం వేసుకున్న కట్టుబాట్లు పెద్దవేం కావు. ఇవ్వదలచినది ముందే కాగితం మీద రాయడం. సగం మాట్లాడుకున్న రోజున, సగం వేదిక ఎక్కకముందు. ప్రయాణ ఖర్చులు వేరుగా. వచ్చినవాళ్ళకు మన యిళ్ళలో విస్తరి వేసి భోజనం. చెప్పిన వేళకు మొదలు. చుట్టుపక్కల మూడు వూళ్ళలోనే కళాకారుల్ని వెతకడం. వాళ్ళ ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెళ్ళిళ్ళవాళ్ళకూ గృహప్రవేశాలవాళ్ళకూ ఇవ్వడం. ఎందుకంటే ఒక్క భోగిరాత్రి ఎవర్నీ యేడాది పొడుగునా పోషించలేదు.

దాసుగారికీ ఒక కట్టుబాటు. వీధిలో ఇరవై యిళ్ళు. నెల పొడుగునా తలుపు తీసి బియ్యం పోయడమే కాక, కనుమనాడు యింటికి ఇంతని పోగుచేసి ఒక్కసారిగా చేతికివ్వడం. ఇది దానం కాదు. నెల రోజులు తెల్లవారుజామున మన వీధిలో పాడినందుకు జీతం.

మొన్న భాగవతారుగారికి నేనే ఫోను చేశాను. మళ్ళీ బందరు పేరెత్తితే ఏమంటారో అని గుండె కొట్టుకుంది. "ఎన్ని గంటలకమ్మాయ్?" అన్నారు అంతే.

"ఏడు గంటలకు బాబాయిగారూ. మీ తర్వాతే పాటలు."

కాసేపు ఆగి, "మృదంగానికి గుడివాడ నుంచి ఎవరినైనా చూస్తాను" అన్నారు.

అప్పుడు మావారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. ఆ ఆటో అబ్బాయి నంబరు అడిగి రాసుకున్నారు. అవతలి గదిలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చారు. ఏమన్నాడని అడిగితే, "భోగినాడు ఆటోకు ఎంత గిరాకీ వుంటుందో అడిగాను. రెండు వేలన్నాడు. అది వేరుగా ఇస్తామన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు" అన్నారు.

ఈ రాత్రి పద్దు రాయడానికి కూర్చున్నాం. ఎప్పుడూ బట్టలతో మొదలుపెట్టే మనిషి, మొదటి వరసలో "హరికథ" అని రాశారు. దాని కింద "దాసుగారు." రెండిటికీ ఎదుట అంకెలు వేశారు. మూడో వరసలో "మృదంగం అబ్బాయి, ఆటో - 2,000" అని రాసి, పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెట్టారు.

ఆ ప్రశ్నగుర్తు పోతుందో లేదో భోగి వెళ్ళాక చెబుతాను. ఈలోగా మీ యింటి పద్దులో ఆ వరస ఎక్కడుందో, దాని ఎదుట అంకె వుందో గీత వుందో ఒకసారి చూసుకుని నాకు రాయండి.